పీఏ ఉద్యోగంలో పదేళ్లు దాటినవాళ్లు ఉన్నారా? నల్లగొండకు వచ్చేద్దామనుకుంటున్నా

పానగల్ పోరడు:

ముందే చెప్తున్నా, ఎమ్మెల్యే పీఏ కాదు, ఫిజీషియన్ అసిస్టెంట్, అంటే డాక్టర్ కింద ఉండి పేషెంట్లను చూసుకోవడంలో ఆయనకు సాయపడే పని. ఈ ముక్క చెప్పకుండా మా దగ్గర మాట మొదలుకాదు. మొన్న పెళ్లిచూపుల్లో పిల్ల మేనమామ "ఏ ఎమ్మెల్యే దగ్గర బాబూ?" అని అడిగిండు. సంగతి చెప్తే "అంటే డాక్టరా, కాంపౌండరా?" అన్నాడు. రెండూ కాదని చెప్పేసరికి చాయ్ చల్లారిపోయింది, సంబంధమూ కుదరలేదు.

నాది నల్లగొండ పక్కన పానగల్. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ల బీఎస్సీ చేసి హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రి కార్డియాలజీలో చేరి ఆరేళ్లయింది. పొద్దున ఏడున్నరకు వార్డులో ఉండాలి, సార్ రౌండ్స్‌కు వచ్చేలోపు రాత్రి ఎవరికి బీపీ పడిపోయింది, ఎవరి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష) పెరిగింది, ఎవరికి మూత్రం సరిగా రాలేదు, అన్నీ నాకు నోటికి వచ్చి ఉండాలి. ఆ గంటన్నర నాకు ఇష్టం, ఇన్నేళ్లు ఉన్నది కూడా దానికోసమే. తర్వాత రోజంతా డిశ్చార్జ్ సమ్మరీలు, ఇన్సూరెన్స్ వాళ్ల ప్రశ్నలు, మళ్లీ సమ్మరీలు. రోజుకు పది పన్నెండు రాస్తాను, ఎవరు చదువుతారో దేవుడికే తెలియాలి. కొత్తగా ఎంబీబీఎస్ అయి వచ్చిన డ్యూటీ డాక్టర్‌కు స్టెంట్ వేసినవాళ్లకు ఏ గోళీలు ఆపకూడదో నేనే చెప్తాను, ఆయన సంతకం పెడతాడు, జీతం నాకన్నా రెండింతలు. ఆయన మీద కోపం లేదు, మంచోడే, మా రూముకు బిర్యానీ తెస్తుంటాడు.

ఇప్పుడు నల్లగొండలో ఒక నర్సింగ్ హోమ్ వాళ్లు రమ్మంటున్నారు. ఇక్కడ చేతికి 34 వేలు, అక్కడ 25. ఎల్బీ నగర్‌లో గది కిరాయి, తిండి పోతే మిగిలేది దాదాపు అంతే, పైగా అమ్మకు మోకాళ్లు పనిచేయట్లేదు. ఇంకోపక్క మా బాపు దోస్తు ఒకాయన "ఊళ్లో క్లినిక్ పెట్టు బిడ్డా, ఆరెంపీలకు లేని చదువు నీకుంది కదా" అంటున్నాడు. పదేళ్లు దాటినవాళ్లు నిజం చెప్పండి, ఈ పనిలో తృప్తి ఉందా, అలవాటైపోయి ఉంటున్నారా?

జడ్చర్ల అక్క:

తమ్ముడూ, క్లినిక్ మాట ఈరోజే మర్చిపో. రిజిస్ట్రేషన్ లేకుండా డాక్టర్‌లా వైద్యం చేస్తే ఎన్ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) చట్టం 34వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదంటే రెండూ. మెడికల్ కౌన్సిల్ వాళ్లు తనిఖీలు కూడా చేస్తున్నారు. మీ బాపు దోస్తు జామీనుకు రాడు.

నాకు ఇది పన్నెండో ఏడు, గుండె ఆపరేషన్ల వైపు. బైపాస్‌లో సార్ ఛాతీ తెరిచి సిద్ధమయ్యేలోపు నేను కాలులోంచి సిర తీసి, దాని కొమ్మలకు క్లిప్పులు వేసి, ఎక్కడా లీకు లేదని చూసి అందివ్వాలి. ఆ సిరే ఆ మనిషి గుండె మీద ఏళ్లపాటు పనిచేస్తుంది, ఇంటికి వెళ్లాక కూడా అది తలుచుకుంటే బాగుంటుంది, ఏం దాచుకోను. మన దేశంలో ఈ కోర్సు 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో, గుండె సర్జన్ డాక్టర్ కె.ఎం. చెరియన్ చేతుల మీదుగా మొదలైంది కాబట్టో ఏమో, మా థియేటర్లలో మాకు ఒక చోటు ఉంది. వార్డుల్లో అది తక్కువ.

కానీ మొదటి మూడేళ్లు నన్నూ కేసు షీట్లకే కూర్చోబెట్టారు. బీఎడ్‌కు అప్లై చేద్దామని సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించుకున్నా కూడా. అప్పుడే అదే బిల్డింగ్‌లో ఇంకో సర్జన్ దగ్గరకు మారాను. మొదటి నెలలోనే "కుట్లు నువ్వెయ్యమ్మా, నేను చూస్తా" అన్నాడు. నా డిగ్రీ మారలేదు, జీతం పైసా పెరగలేదు, బీఎడ్ ఊసు మాత్రం మళ్లీ ఎత్తలేదు. అందుకే 25కు ఒప్పుకునే ముందు ఒక రోజంతా ఆ డాక్టర్ ఓపీలో కూర్చొని రా. నీ చేత ఏం చేయిస్తాడో మధ్యాహ్నానికల్లా తెలిసిపోతుంది.

పాలమూరు డాక్టర్:

నేను అటువైపు మనిషిని. మహబూబ్‌నగర్‌లో చిన్న ఆసుపత్రి నడుపుతున్నాను. మా దగ్గర ఒక పీఏ ఐదేళ్లు చేసి వెళ్లిపోయాడు, తప్పు నాదే. చాలా చురుకైన పిల్లాడు, పేషెంట్ నడిచి వస్తుంటేనే ఆయాసం చూసి ఈసీజీ తీయించేవాడు. అలాంటివాణ్ని తీసుకెళ్లి ఆరోగ్యశ్రీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను: ప్రీఆథ్ (చికిత్సకు ముందస్తు అనుమతి), ఫొటోలు, క్లెయిములు, వాటి మీద వచ్చే ప్రశ్నలకు జవాబులు. 2023 డిసెంబరులో ఆ పథకం కింద చికిత్స ఖర్చు పరిమితి 10 లక్షలకు పెంచారు, సంతోషం, కాగితాలు మాత్రం తగ్గలేదు. వెళ్తూ వెళ్తూ "స్టెతస్కోప్ మెడలో వేసుకుని నెలరోజులైంది సార్" అన్నాడు.

ఒక్క జాగ్రత్త. మన దగ్గర మందుల చీటీ డాక్టర్ సంతకంతోనే వెళ్లాలి. కొందరు ఖాళీ చీటీల మీద ముందే సంతకాలు పెట్టిచ్చి ఊరికి పోతారు. అలాంటి చోట 50 వేలిచ్చినా చేరకు, రేపు ఏదైనా జరిగితే అందరూ నీవైపే వేలు చూపిస్తారు.

కోడింగ్ బ్యాచ్:

నేను పీఏగా నాలుగేళ్లు చేసి మెడికల్ కోడింగ్‌కు (పేషెంట్ల రికార్డులను ఇన్సూరెన్స్ బిల్లుల కోడ్‌లుగా మార్చే ఆఫీసు పని) వెళ్లిపోయా. ఏసీ, శని ఆదివారాలు సెలవు, జీతం మెరుగు. పక్క సీటువాడు ఛాతీ పట్టుకుంటే ఆఫీసంతా నా దగ్గరికే ఉరికి వచ్చింది, గ్యాస్ అని తేలింది అనుకోండి. ఏడాదిలో నాకు బాగా గుర్తున్న రోజు అదొక్కటే.

మిర్యాలగూడ టు డల్లాస్:

నేనిక్కడ పీఏని. "ఇండియాలో పీఏ చేసి అమెరికా వెళ్లొచ్చు" అని ఎవరైనా కాలేజీ వాళ్లు చెప్తే నమ్మకండి. ఇక్కడ గుర్తింపు ఉన్న ప్రోగ్రాంలో చదివితేనే లైసెన్స్ పరీక్షకు కూర్చోనిస్తారు. అది ఇప్పుడు మాస్టర్స్, ఎక్కువగా 27 నెలలు, ఫీజు చూస్తే కళ్లు తిరుగుతాయి. అదయ్యాక జీతమూ బాగుంటుంది, మందులూ రాయొచ్చు.

పేరు గోల ఇక్కడా ఉంది. 1965లో డ్యూక్ యూనివర్సిటీలో నేవీ వైద్య సహాయకులుగా చేసొచ్చిన నలుగురితో మొదలైన కోర్సు ఇది. 2021లో మా సంఘం "అసిస్టెంట్" తీసేసి "అసోసియేట్" అని పెట్టుకుంది. బ్రిటన్‌లో అసోసియేట్ అనేవాళ్లను 2025లో ఒక సమీక్ష అసిస్టెంట్ అనే పిలవమంది. మన దేశంలో 2021 నాటి అలైడ్ హెల్త్ (డాక్టర్లు, నర్సులు కాని ఇతర వైద్య సిబ్బంది) చట్టంలో అసోసియేట్ అనే ఉంది. కాబట్టి తమ్ముడూ, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్, అనుభవ పత్రాలు భద్రంగా పెట్టుకో, రిజిస్ట్రేషన్‌కు అవే అడుగుతారు. తృప్తి అంటావా, పేషెంట్‌తో ఉన్నంతసేపు బాగుంటుంది. పిల్లలు పడుకున్నాక లాప్‌టాప్ తీసి నోట్స్ రాయడం మొదలుపెడితే నువ్వన్న సమ్మరీలే గుర్తొచ్చాయి.

పానగల్ పోరడు:

అక్క చెప్పినట్టే నిన్న వెళ్లి కూర్చున్నా, పొద్దున తొమ్మిది నుంచి మూడు దాకా. ఖాళీ చీటీలు కనపడలేదు. సార్ కొంచెం కోపిష్టి, కానీ అడిగితే చెప్తాడు.

మర్రిగూడ వైపు నుంచి ఒక ముసలామె వచ్చింది, ప్లాస్టిక్ కవర్లో కాగితాలు. ఐదు నెలల కింద హైదరాబాద్‌లో స్టెంట్ వేశారట. ఆయాసం అంటోంది. సార్ లోపల వేరే పేషెంట్‌తో ఉంటే ఆ కవర్ నేను తీశా. డిశ్చార్జ్ సమ్మరీ, మూడు పేజీల ఇంగ్లీష్, మా ఆసుపత్రిది కాదు కానీ నేను రాసినట్టే ఉంది, ఆ కాపీ పేస్టు వాక్యాలతో సహా. గోళీలు చూపించమంటే బీపీది ఒక్కటే తీసింది. పన్ను పీకించుకునేటప్పుడు రక్తం పల్చబడే గోళీలు రెండూ ఆపమన్నారట, మళ్లీ మొదలుపెట్టమని ఎవరూ చెప్పలేదు, ఆ కాగితం ఊళ్లో చదివేవాళ్లు లేరు. లోపలికి పోయి సార్‌కు చెప్తే చేతిలో పని ఆపేసి వచ్చాడు, ఈసీజీ తీయించి, స్టెంట్ వేసిన డాక్టర్‌కు ఫోన్ చేసి, "ఏవి, ఎప్పుడు, ఎందుకు ఆపొద్దో నువ్వే తెలుగులో రాసివ్వు, నేను సంతకం పెడతా" అన్నాడు. రాసిచ్చా. నా దస్తూరి బాగుండదు, పెద్ద అక్షరాలు చేసి రాశా. ఆమె మనవడు రెండుసార్లు పైకి చదివాడు.

25 కాదు, 28 అడిగా, 27కు వచ్చారు. కాగితాలకు వేరే మనిషి ఉంటాడని ఆఫర్ లెటర్‌లో రాయమన్నా, సార్ నవ్వి సరేనన్నాడు. సోమవారం ఇక్కడ నోటీసు ఇస్తున్నా. 90 రోజులు అంటున్నారు, ఒక నెల జీతం వదులుకుంటే ముందే రిలీవ్ చేస్తారా? ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.