అరోరా మినుకు కంటికి కనబడింది, ఫోన్‌లో పడలేదు. ఏది నమ్మాలి?

ఫెయిర్‌బ్యాంక్స్‌వాసి:
నిన్న రాత్రి మా అలాస్కా ఊళ్లో అరోరా, అంటే ధ్రువాల దగ్గర ఆకాశంలో తెరలా పరుచుకునే వెలుగు, ఒక్కసారిగా భగ్గుమంది. దాని కింది అంచు స్టార్టర్ పోయిన ట్యూబ్‌లైట్‌లా టపటపా కొట్టుకుంది, సెకనుకు పదిసార్లయినా ఉంటుంది. వీడియో ఊరికి పంపితే మా అన్నయ్య "పచ్చ తెర తప్ప ఏం లేదే, కోతలు కోస్తున్నావా" అన్నాడు. నేను చూసింది అబద్ధమా?

ఫోటాన్_రావు:
మీ కన్నే మోసపోయిందండీ. ఆ పచ్చ 557.7 నానోమీటర్ల ఆక్సిజన్ వెలుగు. శక్తి అందుకున్న పరమాణువు దాన్ని వదలడానికి దాదాపు 0.7 సెకను తీసుకుంటుంది. సెకనుకు పదిసార్లు ఎలా ఆరి వెలుగుతుంది? చలికి కళ్లలో నీళ్లు తిరిగి ఉంటాయి.

మాఘమాసం:
ఇది కోరస్ తరంగాల పని, అంటే భూమి చుట్టూ అంతరిక్షంలో పుట్టే ఒక రకం రేడియో తరంగాలు. జపాన్ అరాసే ఉపగ్రహం పట్టుకుంది, 2018లో పరిశోధన పత్రం వచ్చింది.

ఫెయిర్‌బ్యాంక్స్‌వాసి:
అది వేరండీ. కోరస్ వల్ల వచ్చేది మచ్చలు మచ్చలుగా, కొన్ని సెకన్లకోసారి వెలిగి ఆరే అరోరా. నేను చెప్పే మినుకుకు మూలం కొన్ని వేల కిలోమీటర్ల ఎత్తున పుట్టే అయాన్ సైక్లోట్రాన్ తరంగాలు. అక్కడ ఆక్సిజన్ అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువులు, భూమి అయస్కాంత రేఖల చుట్టూ సెకనుకు పదిసార్ల లెక్కన తిరుగుతాయి. తరంగం అదే లయలో ఎలక్ట్రాన్లను కిందికి తోస్తుంది, అవి గాలికి తగిలి వెలుగు పుడుతుంది. రావు గారూ, పైన ఆక్సిజన్ ఒక్కటే లేదు. నైట్రోజన్ అయాన్ల 427.8 నానోమీటర్ల వెలుగుకు ఆ ఆలస్యమే లేదు. మా ఊరికి 50 కిలోమీటర్ల దూరంలోని పోకర్ ఫ్లాట్ పరిశోధన కేంద్రంలో 2016 మార్చిలో శాస్త్రవేత్తలు సెకనుకు 160 ఫ్రేములు తీస్తే 80 హెర్ట్జ్ మినుకు, అంటే సెకనుకు 80 సార్లు, కూడా దొరికింది.

ఫోటాన్_రావు:
వాళ్ల కెమెరా సంగతి వద్దు. మీ వీడియోలో ఉందా, లేదా?

ఫెయిర్‌బ్యాంక్స్‌వాసి:
లేదు! నైట్ మోడ్‌లో ఒక్కో ఫ్రేము పావు సెకను తీసుకుంది. రెండు మూడు మినుకులు ఒకే ఫ్రేములో కలిసిపోతే ఏం మిగులుతుంది? ఇంత చెప్పినా మళ్లీ అదే ప్రశ్న. అబద్ధాలకోరునని నేరుగా అనేయండి, పోతుంది.

కెమెరా_కిట్టు:
ఇద్దరూ కాస్త నెమ్మది.

ఫోటాన్_రావు:
ఆ మాట నేననలేదు. నాలుగేళ్ల కిందట ఇలాంటి మాటలూ ఫోటోలూ నమ్మి, అప్పు చేసి అమ్మను నార్వే తీసుకెళ్లాను. కంటికి బూడిద రంగు మబ్బు కనబడింది. "ఇందుకా నాయనా ఇంత దూరం" అంది. ఆ ట్రావెల్స్ ఫోటో పది సెకన్ల ఎక్స్‌పోజర్ అని, అంటే కెమెరా పది సెకన్లు వెలుగు పోగేసి తీసిందని తర్వాత తెలిసింది. కంటికి లేనిది కెమెరా చూపిస్తుందని అలా నేర్చుకున్నాను. ఇప్పుడు మీరొచ్చి కెమెరాకు లేనిది కన్ను చూసిందంటే ఎలా నమ్మను?

ఫెయిర్‌బ్యాంక్స్‌వాసి:
అమ్మగారి మాట చదివితే బాధేసింది. మీకు జరిగిందీ నాకు జరిగిందీ ఒకటేనండీ. పది సెకన్లు పోగేస్తే మసక వెలుగు పైకి తేలుతుంది, అలా పోగేసినందుకే మినుకు చెరిగిపోతుంది. నా దగ్గర వెలుగు ఎక్కువ పట్టే ఎఫ్ 1.4 లెన్స్ ఉంది. ఈసారి ఫోన్ వదిలేసి, కెమెరాలో ఒక్కో ఫ్రేముకు సెకనులో 60వ వంతు ఎక్స్‌పోజర్ పెట్టి వీడియో తీస్తాను.

ఫోటాన్_రావు:
తీయండి. ఎడిటింగ్ లేకుండా ఉన్నదున్నట్టు పెట్టండి, ఎక్స్‌పోజర్ ఎంతో కూడా రాయండి. అమ్మకు కూడా చూపిస్తాను.