సొంత సైటుకు తేలికైన వికీ: డోకువికీయా, టిడ్లీవికీయా?

పచ్చతోరణం:
మొక్కల మీద తెలుగులో రాసిన నోట్సు సొంత సైటులో వికీగా పెట్టాలి. మూడు నాలుగు వందల పేజీలు, పేజీకి ఒకటో రెండో ఫొటోలు ఉంటాయి. రాసేది ఒక్కరే, చదివేది ఎవరైనా. ఉన్నది పీహెచ్‌పీ నడిచే షేర్డ్ హోస్టింగ్. ఎస్‌ఎఫ్‌టీపీ (ఫైళ్లు ఎక్కించే, దించే దారి) ఉంది గాని షెల్ (సర్వర్‌లో ఆదేశాలు నడిపే దారి) లేదు. వికీపీడియా నడిచే మీడియావికీ దీనికి మరీ బరువు. మిగతా రెండింటిలో ఏది మేలో కారణాలతో చెప్పండి.

సర్వర్_సాంబ:
డోకువికీ. డేటాబేస్ అక్కర్లేదు, ప్రతి పేజీ ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. రేపు డోకువికీయే వద్దనుకున్నా ఆ ఫైళ్లు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటాయి. నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద లాభం ఇదే. బ్యాకప్‌కి డేటా ఫోల్డర్‌లోని పేజెస్, మీడియా, మెటా, ఆటిక్ (పాత ప్రతులు దాచేది), వాటితోపాటు కాన్ఫ్ ఫోల్డర్ దింపుకుంటే చాలు. క్యాష్, ఇండెక్స్ వదిలేయండి, అవి మళ్లీ తయారవుతాయి.

ఇన్‌స్టాలర్‌లో 'పబ్లిక్ వికీ' ఎంచుకుని, కొత్తవాళ్ల రిజిస్ట్రేషన్ తీసేయండి. అది తెరిచి ఉంచితే స్పామ్ ఖాతాలు వచ్చి పడతాయి. పని అయ్యాక ఇన్‌స్టాల్ ఫైలు చెరిపేయండి. తర్వాత డేటా ఫోల్డర్‌లోని ఏదైనా పేజీ ఫైలు చిరునామా నేరుగా బ్రౌజర్‌లో కొట్టి చూడండి. తెరుచుకుంటే ప్రమాదమే. ఆ దారి మూయడానికి డోకువికీతో వచ్చే హెచ్‌టీయాక్సెస్ ఫైలు అపాచీ సర్వర్‌లో పనిచేస్తుంది, ఎన్‌జింక్స్ సర్వర్ దాన్ని అసలు పట్టించుకోదు. అక్కడ అడ్డు విడిగా పెట్టాలి.

ఒకే_ఫైలు:
రాసేది ఒక్కరే అయినప్పుడు లాగిన్లు, పీహెచ్‌పీ అప్‌డేట్లు ఎందుకండీ? టిడ్లీవికీ అంటే ఒకే ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలు. 2004లో జెరెమీ రస్టన్ మొదలుపెట్టాడు, ఇప్పటికీ కొత్త విడుదలలు వస్తున్నాయి. ఇంట్లో రాసుకుని ఎస్‌ఎఫ్‌టీపీలో ఎక్కించడమే. సర్వర్‌లో నడిచే కోడే లేదు కాబట్టి అటునుంచి చొరబడే దారి కూడా ఉండదు. ట్యాగులతో మొక్కల్ని కుటుంబం వారీగా, రుతువు వారీగా అప్పటికప్పుడు జాబితా చేసే సౌకర్యం డోకువికీలో ప్లగిన్ లేకుండా రాదు.

సర్వర్_సాంబ:
ఫొటోల సంగతేంటి? 400 ఫొటోలు, ఒక్కోటి 300 కేబీ అనుకుంటే 120 ఎంబీ. ఫైల్లోకే లాగి వదిలితే బేస్64గా (బొమ్మని అక్షరాలుగా రాసే పద్ధతి) మారి మూడో వంతు పెరుగుతాయి, అంటే 160 ఎంబీ. ఒక్క అక్షరం దిద్దినా మొత్తం ఫైలు మళ్లీ ఎక్కించాలి. పాఠకుడు మొదటి వాక్యం చదవాలన్నా మొత్తం దిగాలి. పైగా సేవ్ చేయడం ఎప్పుడూ బ్రౌజర్ దయే. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా యాడాన్లు ఆపేయగానే టిడ్లీవికీని సేవ్ చేసే టిడ్లీఫాక్స్ యాడాన్ పనిచేయడం మానేసింది.

ఒకే_ఫైలు:
ఫొటోల్ని లోపల పెట్టమని ఎవరూ అనరు. విడి ఫోల్డర్‌లో ఉంచి, టిడ్లర్‌లో (టిడ్లీవికీలో ఒక్కో నోటు) కానానికల్ యూఆర్‌ఐ ఫీల్డుకి వాటి చిరునామా ఇస్తే సరి. అయినా ఖాళీ ఫైలే రెండు ఎంబీ పైన ఉంటుందన్నది నిజమే. ఒకే ఫైలుని రెండు ట్యాబుల్లో తెరిచి రాస్తే వెనక సేవ్ చేసింది ముందుదాన్ని తుడిచేసే ప్రమాదమూ ఉంది. ఆ క్రమశిక్షణ లేనివాళ్లకి ఇది వద్దు.

అక్షరాల_లెక్క:
తెలుగు వికీ అన్నప్పుడు ముందు చూడాల్సింది పేజీ పేర్లు. డోకువికీ మామూలుగా ఫైలు పేర్లని 'యూఆర్‌ఎల్' పద్ధతిలో రాస్తుంది, అంటే ఒక్కో బైటుకి ఒక శాతం గుర్తు, రెండు అక్షరాలు. ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్‌కి (గుణింతం గుర్తు, పొల్లు కూడా విడివిడిగా లెక్కే) 9 అక్షరాలు పడతాయి. లినక్స్‌లో ఫైలు పేరుకి హద్దు 255 బైట్లు. 'కుండీల్లో పెంచదగ్గ ఔషధ మొక్కలు' తీసుకోండి: 27 కోడ్‌పాయింట్లు, 243. మూడు ఖాళీలకి మూడు అండర్‌స్కోర్లు, 246. టీఎక్స్‌టీ పొడిగింపుతో 250, ఇరుక్కుంటూ పడుతుంది. ఆటిక్‌లో దాచే పాత ప్రతికి మాత్రం సమయం అంకెలు, జీజడ్ పొడిగింపు కలిసి ఇంకో 14 కావాలి. 264 అయ్యి అక్కడ ఫెయిలవుతుంది. పేజీ కనిపిస్తూనే ఉంటుంది, చరిత్ర మాత్రం నిలవదు.

మందు: కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో ఫైలు పేర్ల ఎన్‌కోడింగ్‌ని యూటీఎఫ్-8కి (తెలుగు అక్షరాల్ని ఉన్నవున్నట్టే రాసే పద్ధతి) మార్చండి. అదే పేరు 84 బైట్లకి దిగుతుంది. మొదటి పేజీ రాయకముందే మార్చాలి. తర్వాత మారిస్తే పాత ఫైళ్ల పేర్లు వాటంతట అవి మారవు, అప్పటికున్న తెలుగు పేజీలు లేనట్టే కనిపిస్తాయి.

సర్వర్_సాంబ:
అంతకన్నా పేజీ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా పెట్టి, శీర్షిక తెలుగులో రాయడం మేలు. మొదటి శీర్షికనే పేజీ పేరుగా చూపే సెట్టింగు ఉంది. జిప్ చేసి విండోస్‌కి తెచ్చినప్పుడు తెలుగు ఫైలు పేర్లు చెడిపోతే సరిచేయడం నరకం.

అక్షరాల_లెక్క:
జిప్ బదులు టార్ వాడితే ఆ బాధ చాలావరకు తీరుతుంది. ఇంగ్లీషు స్పెల్లింగుతో వచ్చే చిక్కు దానికంటే పెద్దది. తులసిని ఒకసారి 'టీ' తో, ఇంకోసారి 'టీ-హెచ్' తో రాస్తే ఒకే మొక్కకి రెండు పేజీలు పుడతాయి. తెలుగు పేరైతే రాస్తూ రాస్తూ చదరపు బ్రాకెట్లలో తులసి అని పెడితే లింకు అయిపోతుంది. 'తులసిని' అని రావాల్సిన చోట నిలువు గీత పెట్టి ఆ రూపం ఇవ్వాలి, అంతే.

పచ్చతోరణం:
వెతుకులాట రెండింట్లో ఎలా ఉంటుంది?

అక్షరాల_లెక్క:
డోకువికీ మామూలుగా పూర్తి పదాన్నే వెతుకుతుంది. తులసి అని కొడితే తులసికి, తులసితో ఉన్న పేజీలు రావు. సెర్చ్ సెట్టింగులో 'దీనితో మొదలయ్యేవి' అని పెట్టండి, లేదా పదం చివర నక్షత్రం గుర్తు కొట్టండి. టిడ్లీవికీ పదంలోని ముక్కని కూడా పట్టుకుంటుంది కాబట్టి ఈ విషయంలో అదే నయం. చెట్టు అని వెతికితే చెట్లు మాత్రం రెండింట్లోనూ దొరకదు, 'చెట్' వరకే కొట్టాలి.

ఒకే_ఫైలు:
వెతుకులాటలో మేలని ఒప్పుకున్నారు కదా. అయినా ఇన్ని ఫొటోలతో, బయటి పాఠకులతో అయితే పచ్చతోరణం గారికి డోకువికీయే సరిపోతుందేమో. పాఠకులు లేని సొంత నోట్సుకి మాత్రం నా మాట అదే.

సర్వర్_సాంబ:
పచ్చతోరణం గారూ, అప్‌గ్రేడ్ అంటే కొత్త ఫైళ్లు పాతవాటి మీద పరచడమే, షెల్ అక్కర్లేదు. ఆ తర్వాత తెల్ల పేజీ వస్తే ముందు అనుమానించాల్సింది పాత ప్లగిన్లని. లిబ్ ఫోల్డర్‌లోని ప్లగిన్స్‌లోకి వెళ్లి, మీరు చేర్చినవి ఒక్కొక్కటే ఎస్‌ఎఫ్‌టీపీతో బయటికి జరిపి చూడండి. అసలు ప్లగిన్లు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.