పెళ్లికాని అమ్మాయి తిప్పల మీద కామెడీలు: ఓదార్పా, అవమానమా?

చర్చ మొదలుపెట్టినవారు:
నిన్న రాత్రి ‘బ్రిడ్జెట్ జోన్స్ డైరీ’ మళ్లీ చూశాను. లండన్‌లో ఉండే, ముప్పై దాటినా పెళ్లికాని బ్రిడ్జెట్ అనే అమ్మాయి కథ, 2001 నాటి సినిమా. 2025లో నాలుగో భాగం కూడా వచ్చిందంటే, జనం ఈ అమ్మాయిని ఇంకా వదల్లేదన్నమాట. చివర్లో అబ్బాయి దొరుకుతాడని కాదండీ నేను చూసేది. మనం ఎవరికీ చెప్పుకోలేని చిన్నతనాన్ని ఒకామె పైకి చెప్పేస్తుంది, అందుకు. అందరూ జంటలే కూర్చున్న భోజనాల బల్ల దగ్గర, ముప్పై దాటినా పెళ్లికాని ఆడవాళ్లు ఇంతమంది ఎందుకున్నారని ఆమెనే అడుగుతారు. ఆ సీన్ దగ్గర నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. మీరేమంటారు?

జవాబు 1:
నేను ఒప్పుకోను. ఆ సినిమాకి ఆధారమైన హెలెన్ ఫీల్డింగ్ నవల (1996) మొదటి పేజీ తీయండి. బరువు 9 స్టోన్ల 3 పౌండ్లు, అంటే 58 కిలోల చిల్లర. దానికే ఏడాది పొడవునా కుమిలిపోతుంది! పదహారేళ్లప్పుడు అది చదివాను. నా బరువు అంతకన్నా ఎక్కువ. చాలాకాలం వెయింగ్ మెషీన్ ఎక్కలేదు. నవ్వించడానికే రాసి ఉండొచ్చు, తగలాల్సిన చోట తగిలింది. పైగా సినిమాలో ఒక లాయరు వచ్చి, నువ్వు ఉన్నదున్నట్టే నాకు ఇష్టం అంటేనే ఆమెకి ప్రాణం లేచొస్తుంది. ఆ మాట మగాడే చెప్పాలా?

జవాబు 2:
ఈ కథకి మూలం 1813లో అచ్చయిన జేన్ ఆస్టిన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’. అందులో హీరో పేరు డార్సీ, ఈ లాయరు పేరు కూడా డార్సీ అయింది అందుకే. ఆ నవల్లో నన్ను వదలని మనిషి హీరోయిన్ ఎలిజబెత్ కాదు, ఆమె స్నేహితురాలు షార్లెట్ లూకస్. 27 ఏళ్లు, ఆస్తి లేదు, అందగత్తె కాదు. తలదాచుకోడానికి ఒక ఇల్లు కావాలి గనక, అందరికీ విసుగు పుట్టించే కాలిన్స్‌ని తెలిసి తెలిసి చేసుకుంటుంది. బ్రిడ్జెట్‌కి తన సంపాదన ఉంది. మోసం చేసిన బాస్‌కి అందరి ముందూ నాలుగు మాటలు చెప్పి ఉద్యోగం మానేసి వెళ్లగలిగింది. పడినా లేస్తుందని మనకి తెలుసు గనకే ఆమె పాట్లకి నవ్వగలుగుతున్నాం. షార్లెట్‌ని తలుచుకుంటే నాకు నవ్వు రాదు.

జవాబు 1:
షార్లెట్ సంగతి నేనెప్పుడూ ఇలా ఆలోచించలేదు, నిజమే. కానీ ముగింపు? ఎటు తిప్పినా మగాడి దగ్గరే ఆగుతుంది కదా.

చర్చ మొదలుపెట్టినవారు:
అన్నీ కాదండీ. ఆస్ట్రేలియా సినిమా ‘మ్యూరియల్స్ వెడ్డింగ్’ (1994) చూడండి. పెళ్లి పిచ్చితో ఉన్న పిల్లకి పెళ్లి అవుతుంది కూడా. ఆ పెళ్లి వదిలేసి, చక్రాల కుర్చీలో ఉన్న స్నేహితురాల్ని తీసుకుని టాక్సీలో ఊరు దాటిపోతుంది. నాకు తెలిసి అంతకన్నా సంతోషమైన ముగింపు లేదు.

బరువు గురించి మీరన్నది కాదనలేను. ఆ జోకులకి ఇప్పుడు నాకూ నవ్వు రావట్లేదు. ఒక్క సీన్ మాత్రం మళ్లీ చూడమంటాను. పుట్టినరోజు నాడు బ్రిడ్జెట్ వండిన సూప్ నీలం రంగుకి తిరుగుతుంది. స్నేహితులు అదే తింటారు. తిని గ్లాసులెత్తి, వంట రాకపోయినా ఉన్నదున్నట్టే మాకిష్టం అంటారు. లాయరు అన్న మాటే, ఈసారి బల్ల చుట్టూ కూర్చున్న వాళ్లందరి నోటా.