నిమ్మగడ్డి నూనెను ముఖానికి రాసుకునే నూనెలో ఎంత కలపాలి?

ప్రశ్న:
మా బాబాయి వాళ్లు నిమ్మగడ్డి సాగు చేస్తారు. ఈ కోతలో తీసిన నూనె అర లీటరు మాకిచ్చారు, మూత తీస్తే చాలు ఇల్లంతా వాసన. నేను ఇంట్లో కొబ్బరినూనెతో సబ్బులు చేస్తుంటాను కాబట్టి వాటిలోనూ, రాత్రిపూట ముఖానికి రాసుకునే నువ్వుల నూనెలోనూ ఇది కలుపుదామని ఉంది. ఎంత కలపాలో ఒక్కోచోట ఒక్కోలా రాశారు, చుట్టాలేమో మొక్క నుంచి వచ్చిందేగా నేరుగా రాసేయ్, మొటిమలు పోతాయి అంటున్నారు. వాడినవాళ్లు చెప్పండి ప్లీజ్.

సబ్బులక్క:
నేరుగా మాత్రం వద్దు చెల్లీ. ఆ నిమ్మ వాసన సిట్రాల్ అనే పదార్థానిది. ఈ నూనెలో 70-80 శాతం దాకా అదే ఉంటుంది, కొందరి చర్మానికి అది అలర్జీ తెప్పిస్తుంది. యూరప్‌లో అయితే రాసుకుని ఉంచుకునే క్రీముల్లో 0.001 శాతం దాటినా, కడిగేసే వాటిలో 0.01 శాతం దాటినా లేబుల్ మీద దాని పేరు వేయాల్సిందే. అలర్జీ ఒకసారి పట్టుకుందంటే వదలదు, సెంట్లు, సబ్బులు ఇలా చాలావాటిలో సిట్రాల్ ఉంటుంది కాబట్టి తప్పించుకోవడమూ కష్టమే.

సబ్బుకైతే కిలో నూనెలకు 20 గ్రాములు చాలు, కాస్త పసుపు రంగు కూడా వస్తుంది. ముఖానికి అర శాతం దాటనివ్వకు. అంటే 100 గ్రాముల నువ్వుల నూనెలో అర గ్రాము. చుక్కలు లెక్కపెట్టొద్దు, ఒక్కో డ్రాపర్ చుక్క ఒక్కో సైజులో పడుతుంది, నగలు తూచే చిన్న కాటా కొనుక్కో. కలిపింది ముందు మోచేతి మడతలో వారం పాటు రోజూ రాసి చూడు, దురద రెండు మూడు రోజులు ఆగి కూడా రావచ్చు.

ల్యాబ్‌లో పనిచేస్తాను:
మొటిమల గురించి ఒక మాట. నిమ్మగడ్డి నూనె ల్యాబ్ ప్లేటులో బ్యాక్టీరియాను చంపడం వేరు, ముఖం మీద మొటిమ తగ్గడం వేరు. మనుషుల మీద చూసిన ఆధారం కొంత ఉన్నది టీ ట్రీ నూనెకు. 1990లో ఆస్ట్రేలియాలో ఆ నూనె 5 శాతం ఉన్న జెల్‌ను బెంజాయిల్ పెరాక్సైడ్ అనే మొటిమల మందుతో పోల్చి చూశారు, మొటిమలు తగ్గాయి కానీ నెమ్మదిగా. కాబట్టి వాసన కోసమైతే కలుపుకోండి, మందనుకుని వద్దు.
ఆ అర లీటరును చిన్న ముదురు రంగు గాజు సీసాల్లోకి నిండుగా పోసి చల్లటి చోట పెట్టండి. గాలి తగిలి పాతబడిన నూనె చర్మాన్ని ఇంకా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్యూ అక్కా, థాంక్యూ అండి. నిమ్మ నూనె రాసుకుని ఎండలోకి వెళ్తే మచ్చలు పడతాయంటారు, ఇదీ అంతేనా? పక్కింటివాళ్లు సబ్బులు కొంటామంటున్నారు కూడా.

సబ్బులక్క:
అది నిమ్మకాయ తొక్క పిండి తీసిన నూనెతో వచ్చే గొడవ. ఇది గడ్డిని ఆవిరి పట్టి తీసింది, ఆ భయం లేదు. అమ్మాలంటే మాత్రం సబ్బు కూడా కాస్మెటిక్ కిందికే వస్తుంది, 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారీ లైసెన్స్ ఉండాలి, మీ జిల్లా డ్రగ్స్ కంట్రోల్ ఆఫీసులో కనుక్కో. నూనెలో సిట్రాల్ ఎంతుందో పరీక్ష చేయించాలనుకుంటే హైదరాబాద్ బోడుప్పల్‌లో సీమ్యాప్ (ఔషధ, సుగంధ మొక్కల మీద పరిశోధన చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) కేంద్రం ఉంది, బాబాయిని అడగమను.