మండలం, మామిడి రకం: రెండు కాలమ్‌లు అతికించి లెక్కేయాలా, విడిగానా?

పలమనేరు_ఆర్: ఆర్ (డేటా లెక్కలు వేసే ప్రోగ్రామింగ్ భాష)లో చిత్తూరు జిల్లా మామిడి సర్వే ఫైలు చూస్తున్నా, ఏ మండలంలో ఏ రకానికి ఎన్ని వరసలో లెక్కేయాలి. 240 వరసలు, 5 మండలాలు, 4 రకాలు (తోతాపురి, బేనీషా, నీలం, మల్లిక). పేస్ట్ ఫంక్షన్‌తో రెండింటినీ ఒకే మాటగా అతికించి, గుంపులు లెక్కపెట్టే టేబుల్ వేస్తే 15 గుంపులు, మొత్తం 240. మండలం-రకం ప్రతి జంటనీ ఒక గుంపు చేసే ఇంటరాక్షన్‌తో వేస్తే 20 గుంపులు, మొత్తం 231. ఏది నమ్మేది?

తిరుచానూరు_లెక్కలు: రెండూ వద్దు సామీ. డీప్లైర్ ప్యాకేజీలో గుంపులవారీగా వరసలు లెక్కపెట్టే కౌంట్‌కి రెండు కాలమ్‌లూ ఇచ్చేయ్. పేస్ట్ ఖాళీ గడిని (ఆర్‌లో ఎన్ఏ అంటారు) 'ఎన్ఏ' అనే మామూలు మాటగా మార్చేస్తుంది, తర్వాత ఖాళీలు పట్టే ఈజ్.ఎన్ఏతో వెతికినా దొరకదు. నీ 15లో అట్లాంటివి ఉంటాయి చూడు. సెపరేటర్ లేకుండా అతికిస్తే ఇంకా ఘోరం. మండలం 1, రకం 12 అయినా, మండలం 11, రకం 2 అయినా 112 అయి కూర్చుంటాయి.

కుప్పం_కోడర్: ఇంటరాక్షన్‌లో తప్పేముంది సార్? మోడల్‌కి ఇవ్వాలంటే ఒకే ఫ్యాక్టర్ (గుంపుల పేర్ల జాబితాతో ఉండే కాలమ్) చేతికొస్తుంది. ఒక్క కాలమ్ ఖాళీ అయినా ఎన్ఏ ఇస్తుంది, టేబుల్ దాన్ని వదిలేస్తుంది. ఆ 9 వరసలు అట్లే పోయినాయి. టేబుల్‌లో యూజ్‌ఎన్ఏ అనే సెట్టింగ్‌కి 'ఇఫెనీ' (ifany) ఇస్తే కనిపిస్తాయి. ఇంటరాక్షన్‌లో డ్రాప్ = ట్రూ పెడితే ఒక్క వరసా లేని సున్నా గుంపులూ పోతాయి.

రేణిగుంట_పాండాస్: పైథాన్ పాండాస్ గ్రూప్‌బైలోనూ అంతే, ఖాళీలున్న వరసలు పోకుండా డ్రాప్‌ఎన్ఏ = ఫాల్స్ పెట్టాల్సిందే. వరసలు లెక్కేయడానికి సైజ్ వాడండి, కౌంట్ కాదు, అది ఖాళీ గడులు వదిలేస్తుంది.

తిరుచానూరు_లెక్కలు: అడిగింది ఆర్ గురించి. డ్రాప్ ఎందుకు పెట్టాలి? సున్నా కూడా సమాచారమే.

కుప్పం_కోడర్: మీ కౌంట్ మాత్రం సున్నాలు చూపిస్తుందా? సున్నాలు ఉంచమని .డ్రాప్ = ఫాల్స్ పెట్టినా ఫ్యాక్టర్ కాలమ్‌లకే పని చేస్తుంది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాకు పోయిన చంద్రగిరి పాత లెవెల్‌గా (ఫ్యాక్టర్ జాబితాలో పేరుగా) మిగిలుంటే దానికీ సున్నాలు వేస్తుంది. ముందు వాడని లెవెల్స్ తీసేసే డ్రాప్‌లెవెల్స్ వేయాలి.

తిరుచానూరు_లెక్కలు: అందుకే కౌంట్ తర్వాత కంప్లీట్ (లేని జంటలకీ వరసలు చేర్చే ఫంక్షన్), దాని ఫిల్‌లో ఎన్ (వరసల లెక్క) = 0. ఎన్ఏ వరసలు ముందే పక్కన తీసిపెట్టాలి, లేకుంటే ఎన్ఏని కూడా ఒక రకంగా తీసుకుని ప్రతి మండలానికీ వరస పుట్టిస్తుంది.

కుప్పం_కోడర్: ఆ ఫిల్ దగ్గరే నా గొడవంతా! అడగని చోట సున్నా రాస్తే తోట లేదని సాక్ష్యం చెప్పినట్టు. ఆ పట్టిక చూసి రైతును జాబితాలోంచి తీసేస్తే జవాబు ఎవరు చెప్తారు?

తిరుచానూరు_లెక్కలు: మండలమంతా అడిగి, లేదని తేలినాక దాన్ని దాచడమూ అన్యాయమే. ఫారంలో నాలుగు రకాలూ ఉన్నాయా, అది చెప్పమను.

పలమనేరు_ఆర్: 2 మండలాల ఫారంలో మల్లిక గడే లేదు. మిగతావి అంతటా అడిగినారు.

కుప్పం_కోడర్: అయితే ఆ 2 జంటలకి ఎన్ఏ. మిగిలిన సున్నాలకి నాకు అభ్యంతరం లేదు.

తిరుచానూరు_లెక్కలు: ఒప్పుకుంటా. కానీ మండలం, రకం విడిగా ఉన్నందుకే ఆ రెండింటినీ ఒక్క ఇఫ్_ఎల్స్ షరతుతో మార్చగలవు. అతికించుంటే ముందు చీల్చాల్సి వచ్చేది.