మోకాలికీ చీలమండకీ మధ్య ఉన్నదాన్ని ఏమంటాం?

సభ్యులందరికీ నమస్కారం. ఒక ఫిజియోథెరపీ క్లినిక్ వాళ్ల కోసం నాలుగు పేజీల కరపత్రం తెలుగు చేస్తున్నాను. బెణుకు, మడమ నొప్పి, పిక్క పట్టేయడం, ఇవన్నీ ఒక్క పూటలో అయిపోయాయి. ‘లోయర్ లెగ్’ అన్నచోట మాత్రం రెండు రోజులుగా బండి కదలడం లేదు. అంటే మోకాలి కింద మొదలై చీలమండ దాకా ఉన్న మొత్తం భాగం. పిక్క అందామంటే అది వెనకవైపు కండ ఒక్కటే. ముందువైపు మంచం కోడు తగిలితే ప్రాణం పోయినంత పనవుతుందే, ఆ ఎముక పిక్క కాదు కదా. పోనీ కాలు అందామంటే తొడ మొదలు వేలిగోరు దాకా అంతా కాలే.

చేతి దగ్గర మనకి ఈ ఇబ్బంది లేదు. మోచేతి నుంచి మణికట్టు దాకా ముంజేయి, హాయిగా ఒక్క మాట. మోచేయికి మోకాలు ఉంది, అరచేతికి అరికాలు ఉంది, మునివేళ్లు రెండింటికీ ఉన్నాయి. మరి ముంజేతికి జోడీ ఏది? ‘ముంగాలు’ అని రాసి చూసుకున్నాను. చదివితే ఆవు ముందరి కాళ్లు కళ్లముందు కనిపించాయి. కొట్టేశాను.

క్లినిక్ వాళ్ల పాత కరపత్రంలో ‘జంఘ’ అని వేశారు. మా అత్తయ్యకి చదివి వినిపిస్తే “జంగం దేవరకేమైందే?” అంది. మీ ఊళ్లో ఏమంటారో చెప్పండి. నిఘంటువులో మాట కాదు, నోట్లో మాట కావాలి.

రాజమండ్రి నుంచి, రిటైరైన తెలుగు మాస్టారు

అమ్మా, జంఘ అర్థం పరంగా తప్పేమీ కాదు. సంస్కృతంలో సరిగ్గా మీరడిగిన భాగమే అది. జాంఘికుడంటే కాలినడకన వార్తలు చేరవేసేవాడు. మన ‘పిక్కబలం’ కూడా అలాంటి మాటే, కాకపోతే మనవాళ్లు దాన్ని పారిపోయేవాడికి రాసిచ్చేశారు. అప్పులవాడు వీధి మొగలో కనబడగానే చూపించేది పిక్కబలం. సైన్సు పుస్తకాల్లో అంతర్జంఘిక, బహిర్జంఘిక పుట్టింది ఈ జంఘ నుంచే. లోపలివైపు లావుపాటి ఎముక మొదటిది, బయటివైపు సన్నటి ఎముక రెండోది. మా బళ్లో పిల్లలు ఈ రెండూ బట్టీ పట్టి, పరీక్ష రాసి, బయటికొచ్చి గోడ దూకి “కాలు విరిగింది మాస్టారూ” అనేవారు. అంతర్జంఘిక విరిగిందన్నవాడు ఒక్కడూ లేడు.

నన్నడిగితే ఆ భాగానికి తెలుగులో ఒకే మాట లేదు. అవసరం రాలేదు. ముంజేతికి కంకణం ఉంది, దానికి అద్దమెందుకనే సామెతా ఉంది. కాలి దగ్గరికొస్తే పట్టీలు చీలమండ మీద, మెట్టెలు వేలికి. మధ్యలో ఉన్నదాన్ని చీర, పంచె కప్పేశాయి. కనబడనిదానికి పేరెవరు పెడతారు? ఇది నా ఊహ, దీనికి సాక్ష్యం అడక్కండి.

కరీంనగర్ నుంచి

మాస్టారూ, మనిషి కాలికి పేరు లేకపోవచ్చు గానీ మేక కాలికి ఉంది. మటన్ దుకాణంలో ‘నల్లి బొక్క’ అడిగి చూడండి, మూలుగ ఉన్న గొట్టం ఎముక చేతిలో పెడతాడు. నల్లి అంటే ‘నలీ’, అంటే గొట్టమే. హైదరాబాద్ చుట్టుపక్కల ఎవరినడిగినా తెలుస్తుంది.

బొక్క అంటే మా దగ్గర ఎముక అని ముందే చెప్పాలి. మా పెద్దమ్మ మంచానికి తగిలి “కాలు బొక్కకు తాకింది” అంటే, కాకినాడ నుంచి కొత్తగా వచ్చిన మా కొలీగ్ “కాలికి బొక్క పడిందా? రక్తం కారుతోందా?” అని ఒకటే టెన్షన్. వాళ్లకి బొక్కంటే చిల్లు. కరపత్రంలో మాత్రం ఎముక అనే రాయండి, లేకపోతే సగం జిల్లాల వాళ్లు అంబులెన్స్ పిలుస్తారు.

గుంటూరు నుంచి, ఎముకల డాక్టర్‌ని

నల్లి మాట చూసి ఆగలేకపోయాను. సుశ్రుతుడు ఎముకలని ఐదు రకాలు చేశాడు. అందులో పొడుగాటి ఎముకల పేరు నలకం. మళ్లీ గొట్టమే. ఇంగ్లీషు వైద్యంలో అంతర్జంఘికని టిబియా అంటాం. అది లాటిన్ మాట. ఆ భాషలో దానికి రెండు అర్థాలు: ముంగాలి ఎముక, పిల్లనగ్రోవి. (చూశారా, నేనూ ముంగాలు అనేశాను, వేరే దారి లేదు.) మటన్ కొట్టువాడూ, సుశ్రుతుడూ, రోమన్లూ ఒకరినొకరు చూడకుండానే ఒకే ఎముకలో ఒకే గొట్టాన్ని చూశారు.

దాని పక్కనున్న సన్నటి ఎముక ఫిబ్యులా. లాటిన్‌లో ఫిబ్యులా అంటే బట్టలకి పెట్టుకునే పిన్ను. రెండు ఎముకలనీ పక్కపక్కన పెట్టి చూడండి, అచ్చం పిన్నీసు: లావుపాటి కడ్డీ ఒకటి, దానికి సమాంతరంగా సన్నటి సూది. మోకాటి చిప్ప సంగతీ అంతే. పటెల్లా అంటే చిన్న పళ్లెం, మనకేమో కొబ్బరిచిప్పలాంటి చిప్ప.

ఇప్పుడు చెప్పు విప్పి కూర్చోండి. మోకాలి కింద ముందువైపు వేలు పెట్టి కిందికి జరపండి. చర్మం కిందే గట్టిగా, కత్తి వెన్నులా ఒక అంచు తగులుతుంది. మధ్యలో కండ లేదు. మంచం కోడు తగిలితే చుక్కలు కనబడేది అందుకే. అలాగే కిందికి వస్తే లోపలివైపు ఒక బుడిపె. అది టిబియా చివర. బయటివైపు బుడిపె ఫిబ్యులా చివర. రెండింటి మీదా చెరో బొటనవేలు పెట్టి పోల్చండి: బయటిది కాస్త కిందికి ఉంటుంది. పాదం బయటికి మడత పడకుండా అది అడ్డుకుంటుంది, లోపలికి మడత పడటానికి అంత అడ్డు లేదు. అందుకే మెట్టు తప్పినప్పుడు ఎక్కువమందికి పాదం లోపలికి మడత పడుతుంది, వాపు బయటి బుడిపె ముందర వస్తుంది. ఈ రెండు బుడిపెల మధ్యా ఇరుక్కుని ఉండే ఎముక పేరు టాలస్. దానికి ఒక్క కండరమూ అతుక్కుని ఉండదు. ఒంటి బరువంతా దాని మీదుగానే పాదంలోకి దిగుతుంది.

ఒక పాదంలో 26 ఎముకలు. రెండూ కలిపితే 52, ఒంట్లో ఉన్న 206లో నాలుగోవంతు. కాలంటే పావు అని పాతవాళ్లన్నది ఇందుకేనా మాస్టారూ?

రాజమండ్రి మాస్టారు మళ్లీ

డాక్టర్ గారూ, లెక్క బాగా కుదిరింది గానీ కారణం అది కాదు. నాలుగు కాళ్ల పశువుకి ఒక కాలు నాలుగోవంతు, అంతే. ముక్కాలు అంటే మూడు పావులు, ముక్కాలిపీట అంటే మూడు కాళ్లది, మాట ఒక్కటే. సంస్కృతంలోనూ పాదం అంటే కాలూ, నాలుగోవంతూ. ఆ పాదమే పద్యంలో ఒక వరుస అయింది. మన పావు కూడా ఆ పాదం అరిగి వచ్చిందే. అడుగు సంగతి ఇంకా తమాషా. అది పాదమూ అవుతుంది, వేసే అంగా అవుతుంది, 12 అంగుళాల కొలతా అవుతుంది, గిన్నె అడుగూ అవుతుంది. బలి చక్రవర్తి మోసపోయింది ఈ మాట దగ్గరే. ఎవరి అడుగో అడక్కుండా మూడడుగులిచ్చాడు.

మీరు బుడిపెలన్నారు కాబట్టి చీలమండ. చీల అంటే మేకు, శీల. ఎద్దుబండి ఇరుసు చివర చక్రం ఊడిపోకుండా కొట్టేది కడశీల. చీలమండ దగ్గర రెండువైపులా పొడుచుకొచ్చినవి చూస్తే కాలినీ పాదాన్నీ కలిపి మేకు దిగ్గొట్టినట్టే ఉంటుంది. మీ పిన్నీసుకీ మా మేకుకీ ఎంత దూరం చెప్పండి?

విజయనగరం నుంచి

మాస్టారూ, చిన్న సందేహం. కాలు చీలి పాదంగా మారే చోటు కాబట్టి చీలమండ అని మా నాన్నగారు చెప్పేవారు. అది కాదా?

రాజమండ్రి మాస్టారు

కాలు చీలేది అక్కడ కాదు బాబూ, వేళ్ల దగ్గర.

విజయనగరం నుంచి

సరే, ఒప్పుకున్నాను. మరి పిక్క? మా దగ్గర జీడిపిక్క, పనసపిక్క, చింతపిక్క... అన్నీ పిక్కలే. మెట్లెక్కి దిగిన మర్నాడు కాలిపిక్క కూడా చింతపిక్కలాగే గట్టిగా ఉంటుంది, పళ్లు విరిగేంత. ఒకటే మాట అనిపిస్తుంది నాకు. అనిపించడం వేరు, అవడం వేరు అంటారేమో.

బెంగళూరు నుంచి

మన పొరుగువాళ్లకి ఆ కండ గింజలా కనబడలేదు, చేపలా కనబడింది. కన్నడంలో పిక్కని మీనఖండ అంటారు. తమిళంలో కెండైక్కాల్, కెండై అంటే ఒక రకం చేప. మా జిమ్‌లో ట్రైనర్ మునివేళ్ల మీద లేపి నిలబెట్టినప్పుడు అద్దంలో చూశాను. మధ్యలో ఉబ్బి, కిందికి సన్నబడి తోకలా మడమలోకి దిగిపోతుంది. చేపే. తెలుగువాళ్లు ఇది ఎలా వదిలేశారో నాకు అర్థం కాదు, గోదావరి పక్కనే ఉండి.

ఇంకోటి. తమిళంలో చీలమండని కణుక్కాల్ అంటారు. మన చెరకు కణుపులో ఉన్న కణుపే.

డల్లాస్ నుంచి

మా బాబుకి ఏడేళ్లు. అరికాలికి దెబ్బ తగిలి డాక్టర్ దగ్గరికి తీసుకెళితే ‘లెగ్’ నొప్పి అన్నాడు. ఆవిడ మోకాలు నొక్కి, పిక్క నొక్కి, తొడ దాకా వెళ్లింది. వాడు ఇంట్లో విన్నది కాలు నొప్పి, దాన్ని అలాగే ఇంగ్లీషులో పెట్టాడు. వాళ్ల ఇంగ్లీషులో రెండు మాటలున్నచోట మనకి ఒక్కటే. కాళ్లు కడుక్కో అంటే పాదాలు, కాళ్లు విరగ్గొడతా అంటే... అది వాడింకా తేల్చుకోలేదు.

కడప నుంచి

మడమ గురించి ఎవరూ మాట్లాడలేదేంది? ఎన్నికలొస్తే ఫ్లెక్సీల నిండా ‘మడమ తిప్పని’ నాయకులే. ఒక్క ఊళ్లో అన్ని పార్టీలవాళ్లూ మడమ తిప్పకపోతే ట్రాఫిక్ ఎట్లా కదుల్తుందో. పోలీసు ట్రైనింగ్‌లో మాకు వెనక్కి తిరగడం మొదటివారమే నేర్పించారు: కుడి మడమ, ఎడమ మునివేళ్లు, వాటి మీద తిరగాల. కాబట్టి మాట కరెక్టే. మడమ తిప్పకుండా ఎవుడూ వెనక్కి తిరగలేడు.

గుంటూరు డాక్టర్

కరపత్రం రాస్తున్న చెల్లెమ్మకి ఒక హెచ్చరిక. ‘నరం’ మాటతో జాగ్రత్త. మా దగ్గరికొచ్చేవాళ్లు మడమ వెనక నరం లాగుతోందంటారు. అక్కడ లాగేది పిక్క కండని మడమ ఎముకకి కట్టి ఉంచే పగ్గం, ఒంట్లో అన్నింటికన్నా లావుపాటి టెండన్. పుస్తకాల్లో స్నాయుబంధనం అంటారు. జనానికి రక్తం పారేదీ నరమే, స్పర్శ తెలిసేదీ నరమే, ఇదీ నరమే. ఒకాయన అయితే ‘నరం తెగింది’ అన్న మాటకి పక్షవాతం వస్తుందని భయపడి రెండు రాత్రులు నిద్రపోలేదు. ఆయనకి పోయింది ఆ పగ్గంలో నాలుగు పోగులు. మీరు ‘పగ్గంలాంటి పట్టీ’ అని రాయండి, గొడవుండదు.

తిరుపతి నుంచి

అలిపిరి నుంచి 3,500 పైచిలుకు మెట్లు. పైన మోకాళ్ల మెట్టని ఒక చోటుంది. కొండ మీద పాదం మోపకూడదని రామానుజులవారు మోకాళ్ల మీద ఎక్కారని చెప్పుకుంటారు. నడిచి వచ్చేవాళ్లని చిన్నప్పటి నుంచి చూస్తున్నా, ఎక్కేటప్పుడు ఎవరూ పెద్దగా ఏమీ అనరు. మర్నాడు దిగొచ్చి కూర్చుని రెండు చేతులతో మోకాలి కింద పట్టుకుని “పిక్కలు పట్టేసినాయి” అంటారు. చెయ్యి ముందువైపు ఉన్నా, వెనకవైపు ఉన్నా పిక్కలే. మీకు కావలసిన మాట అదేనేమో.

మొదటి పోస్టు పెట్టినామె

అందరికీ థ్యాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు.

తిరుపతివారి మాట పట్టుకుని మొదట అంతటా పిక్క అనే పెట్టాను. డాక్టర్ గారు చెప్పిన ఆ కత్తిలాంటి అంచు దగ్గర మళ్లీ చిక్కు. ‘పిక్క ముందువైపు ఎముక’ అని రాస్తే మా ఆయన చదివి “వెనక ఉన్నదానికి ముందువైపేంటి?” అన్నాడు. చివరికి ఇలా తేల్చాను. మొత్తం భాగానికి ‘మోకాలి కింద’ అన్నాను, పేరు పెట్టే పనే పెట్టుకోలేదు. ‘మోకాలి కింద వాపు ఉంటే...’, ‘మోకాలి కింద ముందువైపు, ఎముక మీద నొప్పి ఉంటే...’, ‘వెనకవైపు పిక్క పట్టేస్తే...’ అలా సాగింది. రాసేటప్పుడు ఎక్కడా తట్టుకోలేదు. జంఘ తీసేశాను, మాస్టారు క్షమించాలి.

బొమ్మ పక్కన మాత్రం బాణాలు గీసి పేర్లు పెట్టాలన్నారు. మోకాటి చిప్ప, పిక్క, చీలమండ, మడమ, అరికాలు, మీగాలు, బొటనవేలు, చిటికెనవేలు. ఆ ముందు ఎముకకి వచ్చేసరికి మళ్లీ చెయ్యి ఆగింది. అత్తయ్యని పిలిచి, బొమ్మలో వేలు పెట్టి, దీన్నేమంటావు అనడిగాను. కళ్లజోడు పెట్టుకుని చూసింది.

“మంచం కోడు తగిలేది” అంది.