జనవరి ర్యాంకులు చూసి ఓక్లహోమా సిటీలో గది తీసుకోవచ్చా?

లబ్బక్_నాన్న:
నమస్కారమండీ. ఇంట్లో తెగని పంచాయితీ ఒకటి మీ ముందు పెడుతున్నా. మా అమ్మాయి లబ్బక్‌లోని టెక్సస్ టెక్ యూనివర్సిటీలో డిగ్రీ రెండో ఏడు. నిరుడు, అంటే 2025లో, టెక్సస్ టెక్ అమ్మాయిలు మొట్టమొదటిసారి కాలేజీ సాఫ్ట్‌బాల్ వరల్డ్ సిరీస్‌కు వెళ్లారు. ఆఖరి ఎనిమిది జట్లు ఓక్లహోమా సిటీలో ఆడే పోటీ అది. 2021 నుంచి వరసగా నాలుగేళ్లు కప్పు కొట్టిన ఓక్లహోమా యూనివర్సిటీ జట్టును సెమీస్‌లో 3-2తో ఇంటికి పంపారు. మూడు మ్యాచ్‌ల ఫైనల్‌ను మూడో మ్యాచ్ దాకా లాగి, ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ చేతిలో ఓడిపోయారు. ఆ రాత్రి మా పిల్ల అన్నం ముట్టలేదు.

ఇప్పుడు సీజన్ ఇంకా మొదలే కాలేదు. ఎవరి అంచనా చూసినా మా వాళ్ల పేరు పైవరసలోనే ఉంది. బంతులు వేసే పిచర్ నిజారీ కానడీకి ఇదే ఆఖరి ఏడు. యూసీఎల్ఏ నుంచి ఇంకో పిచర్ కైట్లిన్ టెర్రీ, ఫ్లోరిడా నుంచి మియా విలియమ్స్ వచ్చి చేరారు. "నాన్నా, మే ఆఖర్లో ఓక్లహోమా సిటీలో గదులు దొరకవు, ఇప్పుడే తీసేద్దాం" అంటోంది. తక్కువ రేటుకు వస్తున్నది రద్దు చేస్తే పైసా తిరిగి రాని గది. మా ఆవిడేమో "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అంటోంది. సీజన్‌కు ముందు వేసే అంచనాల మీద డబ్బు పెట్టొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

నార్మన్_రవి:
అన్నా, ధైర్యంగా తీసెయ్. నేను ఓక్లహోమా అభిమానిని, ఓక్లహోమా సిటీ పక్కనే నార్మన్‌లో ఉంటా, నాకు హోటల్ గొడవ లేదు. అయినా లెక్క లెక్కే కదా. 2023లో సీజన్‌కు ముందు కోచ్‌లు ఓటేసి ర్యాంకులిచ్చే పోల్‌లో ఒకటో స్థానం ఓక్లహోమాది, కప్పూ ఓక్లహోమాదే. ఆ ఏడు 61 గెలిచి ఒకే ఒక్కటి ఓడాం, అదీ ఫిబ్రవరిలో బేలర్ మీద. 2024లోనూ అంతే. 2025లో పోల్‌లో ఒకటో స్థానం టెక్సస్‌ది, కప్పు కూడా వాళ్లకే పోయింది. వరసగా మూడేళ్లు జనవరి మాట నిలబడింది. ఇంతకన్నా ఏం కావాలి?

సుజాత_కేటీ:
అన్నయ్యగారూ, తొందరపడకండి. నిరుడు మేం పడ్డ బాధ మీరు పడకూడదని రాస్తున్నాను.

మా అబ్బాయి టెక్సస్ ఏ అండ్ ఎంలో చదువుతున్నాడు. మే నెలలో టోర్నీకి ముందు జట్ల బలాన్ని బట్టి ఇచ్చే వరస నంబర్లు, అంటే సీడింగ్‌లు ప్రకటించినప్పుడు దేశం మొత్తానికి ఒకటో సీడ్ మా జట్టుకు ఇచ్చారు. 64 జట్లలో మొదటిది! ఆ రాత్రే ఓక్లహోమా సిటీలో రెండు గదులు తీశాను. మొదటి రౌండ్, అంటే రీజనల్, మా సొంత గ్రౌండ్ డేవిస్ డైమండ్‌లోనే. నాలుగు జట్లు, రెండుసార్లు ఓడితే ఇంటికి. లిబర్టీ యూనివర్సిటీ చేతిలో ఒకసారి ఓడిపోయాం. ఆదివారం మళ్లీ వాళ్లతోనే, ముందుకు పోవాలంటే ఒకే రోజు రెండూ గెలవాలి. మొదటిది 14-11తో గెలిచాం. అరిచి అరిచి గొంతు పోయింది. రెండోది 5-6.

మా ముందు వరసలో ఒక పిల్ల, పదమూడేళ్లుంటాయేమో, పొద్దున్నుంచీ ప్రతి బంతీ స్కోరు పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకుంటూ కూర్చుంది. ఆఖరి అవుట్ పడ్డాక కూడా ఆ గడి నింపింది. తర్వాత పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుని గ్రౌండ్ వైపు చూస్తూ ఉండిపోయింది. ఎవరూ లేవలేదు. ఒకటో సీడ్ జట్టు రీజనల్ దాటకపోవడం ఈ టోర్నీలో అదే మొదటిసారి. గదుల డబ్బు పోయింది, అది ఎలాగోలా సర్దుకున్నాం. కారులో మూడు నాలుగు మైళ్ల దాకా మా వాడు నోరు విప్పలేదు, అది మాత్రం మర్చిపోలేను. మే నెలలో, యాభై మ్యాచ్‌లు చూశాక ఇచ్చిన సీడే అలా అయితే, ఒక్క బంతీ పడని జనవరి మాటకు విలువెంత?

నార్మన్_రవి:
అక్కా, మీ బాధ అర్థమవుతోంది. కానీ మీరు చెప్పింది నా వాదనకే బలం. 2024లో ఒకటో సీడ్ టెక్సస్, కప్పు మాది. 2025లో ఒకటో సీడ్ మీది, కప్పు ఆరో సీడ్‌గా వచ్చిన టెక్సస్‌ది. మే సీడ్ తప్పింది, జనవరి పోల్ తప్పలేదు. సీజన్‌లో గట్టి కాన్ఫరెన్స్‌లో (కాలేజీల లీగ్‌లో) ఆడే జట్టు నాలుగు మ్యాచ్‌లు ఓడి సీడ్ పోగొట్టుకుంటుంది. అంతమాత్రాన జట్టులో సరుకు ఎక్కడికీ పోదు. జనవరిలో ఓటేసేవాళ్లు ఆ సరుకు చూస్తారు.

థర్డ్‌బేస్_నిజామాబాద్:
నేను స్కూల్ల ఉన్నప్పుడు ఎస్‌జీఎఫ్ స్కూల్ పోటీలల్ల జిల్లాకు సాఫ్ట్‌బాల్ ఆడిన, థర్డ్ బేస్ కాడ. గందుకే జెప్తున్న, పేర్ల లిస్టు జూసి మోసపోవద్దు, పిచర్లెంతమంది ఉన్నరో జూడుర్రి.

పిచర్‌కు, బ్యాటర్‌కు నడుమ 43 అడుగులే. బంతి చెయ్యి కిందికెళ్లి తిరిగి ఒస్తది, కండ్లు మూసి తెరిచేలోపట గ్లవ్‌ల ఉంటది. మంచి పిచర్ ఒక్కతున్నా ఫిబ్రవరి, మార్చి ఎల్లదీస్తరు. మే ఆఖర్ల ఎల్లదు. నిరుడు ఫైనల్ మొదటి మ్యాచ్ యాదికి తెచ్చుకోర్రి. టెక్ 1-0 ముందున్నది, ఆరో ఇన్నింగ్స్, టెక్సస్ మనుషులు రెండో బేస్ మీద, మూడో బేస్ మీద. టెక్సస్ బ్యాటర్ రీస్ అట్‌వుడ్‌ను కొట్టనియ్యకుండ, కావాలనే మొదటి బేస్‌కు నడిపిద్దామని కానడీ బంతులు దూరం ఏస్తున్నది. ఒక్క బంతి కొంచెం దగ్గరికొచ్చింది, అంతే. అట్‌వుడ్ దాన్ని లెఫ్ట్ దిక్కు తోలింది, ఇద్దరు హోమ్ బేస్‌కొచ్చి రన్స్ జేసిన్రు, 2-1. నేను సోఫా మీదకెల్లి లేసి నిలబడ్డ.

అది కానడీ తప్పనను. సిరీస్ మొత్తం ఆ పిల్లనే బంతులేసింది, ఇంకొక చెయ్యి లేకుండె. రెండోది 4-3 గెలిపిచ్చింది. మూడో మ్యాచ్ మొదటి ఇన్నింగ్స్‌లనే టెక్సస్ ఐదు రన్స్ కొట్టింది, ఆమెను తీసేసిన్రు. మోకాల్ల లిగమెంట్ తెగి ఉన్న టెక్సస్ పిల్ల మియా స్కాట్ నాలుగో ఇన్నింగ్స్‌ల గ్రాండ్ స్లామ్ గొట్టింది, ఒక్క దెబ్బకు నాలుగు రన్స్. 10-4. పది లక్షల డాలర్లకు పైన ఇచ్చి తెచ్చుకున్న పిచర్‌ను ఒక్కదాన్నే నమ్ముకుంటే ఎంత దూరం పోతమో, ఎక్కడ ఆగుతమో ఆ మూడు మ్యాచ్‌లల్ల కనవడ్డది. ఈసారి టెర్రీ ఎన్ని ఇన్నింగ్స్ ఏస్తదో జూసి అప్పుడు గది తీసుకో అన్నా.

సుజాత_కేటీ:
రవి తమ్ముడూ, నువ్వు చెప్పే మూడేళ్లూ పోల్‌లో ఒకటో స్థానం సంగతి. అన్నయ్యగారికి కావాల్సింది అది కాదు. ఓక్లహోమా సిటీకి వెళ్లే ఎనిమిదింటిలో వాళ్ల జట్టు ఉంటుందా అన్నది ప్రశ్న. నిరుడు ఆ ఎనిమిదింటిలో సీడే లేని ఓల్ మిస్ ఉంది. నాలుగో సీడ్ ఆర్కన్సాను వాళ్ల ఊళ్లోనే ఓడించి వచ్చింది. 2021లో సీడ్ లేని జేమ్స్ మాడిసన్ వచ్చి, మీ ఓక్లహోమానే మొదటి మ్యాచ్‌లో 4-3తో కొట్టింది. 2022లో టెక్సస్ సీడ్ లేకుండా ఫైనల్ దాకా పోయింది. సీడ్ లేని జట్టు లోపలికి వచ్చిన ప్రతిసారీ, గదులు ముందే తీసుకున్న ఎవరో ఒకరు ఇంట్లో కూర్చున్నారని అర్థం.

ఇంకొకటి, గాయాలు. ఓక్లహోమాకు కప్పు తెచ్చిన పిచర్ జోర్డీ బాల్ 2024కు సొంత రాష్ట్రం నెబ్రాస్కాకు మారింది. ఆ రాష్ట్రంలో ఆశలు ఎంతగా పెరిగాయో! సీజన్ మొదటి మ్యాచ్‌లోనే ఆమె మోకాలి లిగమెంట్ తెగింది, ఏడాదంతా ఆడలేదు. జనవరిలో ఏ ఓటూ దాన్ని చూడలేదు.

నార్మన్_రవి:
గాయం ఎవరికైనా తగలొచ్చు అక్కా, దానికి భయపడితే అసలు ఏ ఆశా పెట్టుకోకూడదు. బాల్ మరుసటి ఏడు తిరిగొచ్చి నెబ్రాస్కాను రెండో రౌండ్, అంటే సూపర్ రీజనల్ దాకా తీసుకెళ్లింది కూడా. ఓల్ మిస్ విషయంలో మాత్రం మీరన్నది ఒప్పుకుంటా. ఎనిమిది పేర్లూ జనవరిలో చెప్పగలవా అంటే నేనూ చెప్పలేను.

ఆస్టిన్_పద్మ:
ఒక మాట ఎవరూ అనలేదు. టోర్నీకి జట్లను ఎంచే కమిటీ ఈ పోల్‌లు చూడదు. కాన్ఫరెన్స్ గెలిచినవాళ్లు నేరుగా వస్తారు, మిగతావాళ్లకు ఫలితాలు, ఎవరితో ఆడారన్న లెక్క. మొదటి 16 సీడ్‌లకే సొంత గ్రౌండ్‌లో రీజనల్. మొదటి 8లో ఉండి రీజనల్ గెలిస్తే సూపర్ రీజనల్ కూడా సొంత ఊళ్లోనే. నిరుడు టెక్ 12వ సీడ్, అందుకే సూపర్ రీజనల్‌కు ఫ్లోరిడా స్టేట్ వాళ్ల గడప తొక్కాల్సి వచ్చింది. అక్కడ రెండూ గెలిచారు కాబట్టి సరిపోయింది. ఫిబ్రవరిలో చిన్న జట్ల మీద పది రన్స్ తేడాతో గెలిచారని మురిసిపోకండి, ఏప్రిల్ ఆఖరికి మొదటి ఎనిమిదిలో ఉంటారా లేదా అన్నదే చూడండి. అప్పటికి గదులు ఖరీదవుతాయి, నిజమే. కానీ ఊరికి కాస్త దూరంగా దొరుకుతాయి.

థర్డ్‌బేస్_నిజామాబాద్:
పద్మక్క జెప్పింది కరెక్టు. సొంత గ్రౌండ్ల ఆడుడు వేరే ముచ్చట. మట్టి తెలుస్తది, గాలి తెలుస్తది, జనం మనోళ్లుంటరు.

సుజాత_కేటీ:
సొంత గ్రౌండ్‌లోనే మేం ఓడిపోయాం బాబూ. అయినా మళ్లీ అవకాశం వస్తే సొంత గ్రౌండే కోరుకుంటాను.

లబ్బక్_నాన్న:
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. నిన్న రాత్రి భోజనాల దగ్గర ఇవన్నీ ఇంట్లో చదివి వినిపించాను. సుజాతమ్మా, మీ స్కోరు పుస్తకం పిల్ల దగ్గరికొచ్చేసరికి మా ఆవిడ వడ్డించడం ఆపేసింది.

చివరికి ఇలా తేల్చుకున్నాం. రద్దు చేస్తే డబ్బు వెనక్కి వచ్చే గది, రాత్రికి ఇరవై డాలర్లు ఎక్కువైనా సరే, ఒకటి తీశాం. రవీ, నీ మాట పూర్తిగా కొట్టెయ్యలేదు, చూశావా. మా జట్టు రీజనల్ ఇక్కడే లబ్బక్‌లో జరిగితే ముగ్గురం మూడు రోజులూ వెళ్తాం, ఆ టికెట్ల డబ్బు ఇప్పుడే పక్కన పెట్టాను. మా అమ్మాయి ఈరోజు కాలేజీ నుంచి వస్తూ గళ్ల నోట్‌బుక్ కొనుక్కొచ్చింది. మొదటి పేజీలో రెండు నిలువు గీతలు గీసి ఒకవైపు కానడీ, ఇంకోవైపు టెర్రీ అని రాసింది. ఎవరు ఎన్ని ఇన్నింగ్స్ వేశారో మొదటి మ్యాచ్ నుంచే రాస్తుందట.

థర్డ్‌బేస్_నిజామాబాద్:
గా పేజీ ఫొటో ప్రతి ఆదివారం ఇక్కడ పెట్టమను అన్నా. ఏప్రిల్‌ల టెర్రీ దిక్కు గళ్లు నిండి ఉంటే నేను కూడా గది తీస్త.